‘షుగర్‌కు చెక్’ వేరు, ‘షుగర్ చెక్’ వేరు: ఒక్క మాటకు ఇన్ని అర్థాలెలా వచ్చాయి?

‘షుగర్‌కు చెక్’ అని శీర్షిక కనిపిస్తే, ఆ జబ్బును అడ్డుకునే దారేదో చెబుతున్నారని అర్థమవుతుంది. ‘షుగర్ చెక్ చేయించుకోండి’ అంటే రక్తపరీక్ష. మధ్యలో ఉన్నది ఒక్క ‘కు’. మొదటిదాంట్లో చెక్ అంటే ఆపడం, రెండోదాంట్లో చూడటం. ఇంతటితో ఆగదు. బ్యాంకులో ఇచ్చే కాగితం చెక్కు. గళ్ల చొక్కా చెక్స్ షర్ట్. దారిలో వాహనాలను నిలిపే చోటు చెక్‌పోస్ట్. హోటల్లో దిగితే చెక్ ఇన్, ఖాళీ చేస్తే చెక్ ఔట్. చదరంగంలో రాజు మీదికి ఎత్తు వేస్తే చెక్.

ఇవన్నీ వేర్వేరు మాటలేమో, పలకడంలో మాత్రం కలిసిపోయాయేమో అన్న అనుమానం సహజం. ఇంగ్లిష్‌లో అలాంటి జంటలు బోలెడున్నాయి. గబ్బిలాన్ని, క్రికెట్ ఆడే కర్రను రెంటినీ బ్యాట్ అనే అంటారు. చెక్ సంగతి అలా కాదు. పైన చెప్పినవన్నీ ఒకే ఇంటి పిల్లలు. ఆ ఇంటి పెద్ద ఒక రాజు.

రాజును హెచ్చరించే కేక

చదరంగం మన చతురంగమే. రథ, గజ, తురగ, పదాతి దళాలనే నాలుగు అంగాల సైన్యం పేరు అది. ఆట పర్షియాకు వెళ్లి చత్రంగ్ అయింది, అరబ్బుల నోట శత్రంజ్ అయింది. పర్షియన్ భాషలో రాజును షా అంటారు. ప్రత్యర్థి రాజు మీదికి దాడి వచ్చేలా ఎత్తు వేసిన ఆటగాడు ‘షా!’ అని పైకి చెప్పేవాడు. నీ రాజు ప్రమాదంలో ఉన్నాడు, చూసుకో అని దాని భావం.

ఈ షా మనకు మరీ పరాయి మాటేమీ కాదు. దాని ప్రాచీన పర్షియన్ రూపం ‘ఖ్షాయథియ’. క్రీస్తుపూర్వం 522 నుంచి 486 వరకు ఏలిన డేరియస్ చక్రవర్తి బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో తనను తాను ‘ఖ్షాయథియ ఖ్షాయథియానామ్’ అని చెప్పుకున్నాడు. రాజులకు రాజు అని. తర్వాతి కాలపు షాహెన్‌షా అన్న బిరుదు దాని సారమే. ‘ఏలడం’ అనే అర్థమున్న ఆ ధాతువుకు సంస్కృతంలో తోబుట్టువు ‘క్షత్ర’. అంటే ‘చెక్’కూ ‘క్షత్రియ’కూ దూరపు చుట్టరికం ఉంది. వినడానికి అతిశయంలా ఉంటుంది కానీ, భాషాశాస్త్రం దృష్టిలో ఇది గట్టి సంబంధమే.

అరబ్బుల ద్వారా ఆట యూరప్ చేరింది. షా లాటిన్‌లో ‘స్కాకస్’ అయింది, పాత ఫ్రెంచిలో ‘ఎస్చెక్’ అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి ఆస్థానంలో ఫ్రెంచే రాజభాష. ఆ దారిలో ఎస్చెక్ ఇంగ్లిష్‌లోకి వచ్చి ముందున్న ‘ఎస్’ను పోగొట్టుకుని చెక్‌గా మిగిలింది. అదే ఫ్రెంచి మాట బహువచన రూపం నుంచి ఆటకు ‘చెస్’ అని పేరొచ్చింది. జర్మన్ ‘షాఖ్’, ఇటాలియన్ ‘స్కాకి’, రష్యన్ ‘షాఖ్‌మతి’ కూడా ఆ షా సంతానమే. స్పెయిన్, పోర్చుగల్ మాత్రం అరబ్బుల శత్రంజ్‌నే పట్టుకుని ‘అహెద్రెస్’, ‘షద్రెస్’ అని చేసుకున్నాయి. అంటే మన చతురంగం పేరు స్పానిష్‌లో ఇంకా బతికే ఉంది. ఇంగ్లిష్ వాళ్ల ఆటకు మాత్రం పర్షియా రాజు పేరు స్థిరపడింది.

రాజు చచ్చాడా, చిక్కాడా?

ఆట ముగింపును చెక్‌మేట్ అంటారు. ఇందులో ‘మేట్’కు మిత్రుడితో గానీ, క్లాస్‌మేట్‌తో గానీ సంబంధం లేదు. అది ‘షా మాత్’లోని మాత్. ఈ మాత్ అంటే ఏమిటన్న దాని మీద రెండు వాదాలున్నాయి.

అరబీలో ‘మాత’ అంటే చనిపోయాడు. కాబట్టి షా మాత్ అంటే రాజు చచ్చాడు అని చాలా పుస్తకాలు రాస్తాయి. రెండో వాదం ప్రకారం మాత్ పర్షియన్ మాటే. దిక్కుతోచని, నిశ్చేష్టుడైన అని అర్థం. అప్పుడు రాజు చావలేదు, ఎటూ కదల్లేక చిక్కాడు. అరబీ మాటతో పోలిక వల్ల తర్వాతివాళ్లు దాన్ని చావుగా పొరబడ్డారని ఈ పక్షం అంటుంది. దానికి ఎదురు జవాబూ ఉంది: పర్షియన్‌లోని ఆ మాత్ అసలు అరబీ నుంచి వచ్చిందేనని, ఆట వల్లే దానికి నిశ్చేష్టత అర్థం వచ్చిందని.

ఆట తీరు చూస్తే రెండో వాదానికి కొంత బలం చేకూరుతుంది. బంటును చంపుతాం, ఏనుగును చంపుతాం, కానీ చదరంగంలో రాజును పలక మీంచి ఎవరూ తీసేయరు. చిక్కగానే ఆట అయిపోతుంది. అలాగని ఆట నియమాన్ని బట్టి మాట పుట్టుకను తేల్చేయడం కుదరదు. ఈ తగాదాను ఇక్కడే వదిలేయడం మంచిది.

ఆపడం నుంచి చూడటం దాకా

ఇప్పుడు అసలు చిక్కుముడి. రాజు మీద దాడిని సూచించే మాటకు ‘సరిచూడటం’ అనే అర్థం ఎలా వచ్చింది?

చెక్ పడగానే ఆటగాడి చేతులు కట్టేసినట్టవుతుంది. అప్పటిదాకా వేసుకున్న పథకాలన్నీ పక్కన పెట్టి ముందు రాజును కాపాడుకోవాలి. అందుకే 14వ శతాబ్దపు ఇంగ్లిష్‌లోనే ఈ మాట పలక దాటి బయటికొచ్చింది. అనుకోని అడ్డంకి, ఉన్నట్టుండి ఆగిపోవడం అనే అర్థాలు వచ్చాయి. ఆపడం నుంచి అదుపులో పెట్టడం ఒక్క అడుగే. ‘కోపాన్ని చెక్‌లో పెట్టుకో’ అనే వాడుక ఆ దశలోనిది.

అదుపు నుంచి తనిఖీకి వెళ్లడం ఇంకో అడుగు. ఒక గుమాస్తా లెక్కలు రాస్తున్నాడనుకుందాం. అతను తప్పు చేయకుండా, డబ్బు కాజేయకుండా అదుపు చేయడమెలా? పక్కన కూర్చుని చేయి పట్టుకోలేరు. అతని పద్దును ఇంకో పద్దుతో పోల్చి చూడటమే మార్గం. పోల్చి చూస్తారన్న భయమే అదుపు. అలా అదుపు పేరే ఆ పోల్చి చూసే పనికీ వచ్చింది. 17వ శతాబ్దం చివరికి చెక్ అంటే మూలంతో పోల్చి సరిచూడటం అనే అర్థం స్థిరపడింది. మందుల డబ్బా మీద తేదీ చెక్ చేయడం, ఫ్యాక్ట్ చెక్, మెడికల్ చెకప్, అన్నీ దీని వెనకే వచ్చాయి. చెక్‌పోస్ట్ అనే మాటలో రెండు అర్థాలూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి: ముందు ఆపుతారు, తర్వాత చూస్తారు.

తెలుగు ఈ రెంటినీ భలే విడదీసుకుంది. ‘చెక్ పెట్టడం’ అంటే అడ్డుకోవడం, ‘చెక్ చేయడం’ అంటే సరిచూడటం. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే క్రియ కాబట్టి సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. ఈ విషయంలో మన వాడుకే నయం.

తనిఖీ కాని చెక్స్

ఈ తేడా పట్టించుకోకపోతే ఎక్కడ తంటా వస్తుందో చెప్పడానికి ‘చెక్స్ అండ్ బ్యాలెన్సెస్’ను మించిన ఉదాహరణ లేదు. పార్లమెంటుకూ కోర్టులకూ, ప్రభుత్వానికీ చట్టసభకూ పేచీ వచ్చినప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది. దాన్ని ‘తనిఖీలు, సమతుల్యతలు’ అని అనువదిస్తే అర్థం పక్కదారి పడుతుంది. ఇక్కడ చెక్ పాత అర్థంలో ఉంది: అడ్డుకట్ట.

అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదింపజేసేందుకు 1787, 1788లలో వరుసగా వచ్చిన వ్యాసాల్లో ఈ ఆలోచన గురించి విస్తారంగా చర్చించారు. వాటిలో 51వది జేమ్స్ మాడిసన్ రాసిందిగా చెబుతారు. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందంటే: కాంగ్రెస్ ఒక బిల్లును ఆమోదిస్తుంది. అధ్యక్షుడికి నచ్చకపోతే వీటో చేసి వెనక్కి పంపొచ్చు. అది కాంగ్రెస్‌కు చెక్. ఉభయ సభల్లో మూడింట రెండొంతుల ఓట్లు కూడగడితే ఆ వీటోను దాటి బిల్లు చట్టమవుతుంది. అది అధ్యక్షుడికి చెక్. ఇందులో ఎవరూ ఎవరినీ తనిఖీ చేయడం లేదు, ఒకరి దూకుడుకు మరొకరు అడ్డుపడుతున్నారు. ఒక అధికారం ఇంకో అధికారాన్ని పర్యవేక్షించడం కూడా ఇందులో భాగమే కదా అని కొందరు అంటారు. విచారణ సంఘాల వంటివి చూస్తే ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. అయితే ఆ పర్యవేక్షణకు విలువ వచ్చేది చివర్లో ఆపే శక్తి ఉన్నప్పుడే.

గళ్ల గుడ్డ మీద దేశం లెక్కలు

ఇప్పటిదాకా చెప్పింది కేక దారి. దానికి సమాంతరంగా ఇంకో దారి ఉంది. అది పలక దారి.

చదరంగపు పలకను పాత ఫ్రెంచిలో ‘ఎస్చెకియెర్’ అనేవారు. గళ్లున్న దేనికైనా ఆ పేరు అంటుకుంది. చెక్స్ షర్ట్, మోటార్ రేసు ముగింపులో ఊపే నలుపు తెలుపు గళ్ల జెండా, అమెరికా వాళ్లు చెకర్స్ అని పిలిచే ఆట, అన్నీ అక్కడివే. జీవితంలో మంచీ చెడూ కలగలిసిన మనిషి గురించి ‘చెకర్డ్ కెరీర్’ అనడం కూడా ఆ నలుపు తెలుపు గళ్ల పోలికే.

ఇంగ్లండులో రాజుగారి ఖజానా శాఖకు ఎక్స్‌చెకర్ అని పేరు రావడానికీ గళ్లే కారణం. మొదట్లో ఉన్నది ‘ఎస్’ మాత్రమే. లాటిన్ ‘ఎక్స్’ అరిగి ‘ఎస్’ అయిందేమోనని పొరబడి తర్వాతివాళ్లు ‘ఎక్స్’ తగిలించారు. మొదటి హెన్రీ కాలానికే, అంటే 12వ శతాబ్దం ఆరంభానికే, ఈ శాఖ నడుస్తోంది. దాని లెక్కల చుట్టల్లో ఇప్పటికీ మిగిలి ఉన్న అన్నిటికన్నా పాతది 1130 నాటిది. ఆ శతాబ్దం రెండో సగంలో కోశాధికారిగా ఉన్న రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అక్కడి పని తీరును పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు.

పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు ఉన్న బల్ల. మీద పెట్టింది జారిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తున అంచు. దాని మీద గీతలున్న నల్ల గుడ్డ. ఒక పక్క ఖజానా అధికారులు, ఎదురుగా జిల్లా నుంచి పన్నులు వసూలు చేసుకొచ్చిన షెరిఫ్. చదరంగంలో ఇద్దరు రాజులు తలపడినట్టు ఇక్కడ కోశాధికారి, షెరిఫ్ తలపడతారని ఫిట్జ్‌నీల్ స్వయంగా పోల్చాడు.

గుడ్డ ఎందుకు? అప్పటి ఇంగ్లండులో అంకెలంటే రోమన్ అంకెలే. సున్నా లేదు. ఆ అంకెలతో కాగితం మీద తీసివేత వేయడం నరకం. పైగా వచ్చిన షెరిఫ్‌లలో చాలామందికి చదువు అంతంతమాత్రం. నిలువు వరుసల్లో బిళ్లలు పేరిస్తే చదువు రానివాడికి కూడా లెక్క కళ్లకు కడుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అప్పటి కొలతల్లో 12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగులు ఒక పౌండు. ఒక షెరిఫ్ కట్టాల్సింది 243 పౌండ్ల 7 షిల్లింగుల 5 పెన్నీలు అనుకుందాం. పై వరుసలో వందల గడిలో 2 బిళ్లలు, ఇరవైల గడిలో 2, పౌండ్ల గడిలో 3, షిల్లింగుల్లో 7, పెన్నీల్లో 5 పెడతారు. అతను తెచ్చింది 202 పౌండ్ల 7 షిల్లింగుల 2 పెన్నీలు. కింది వరుసలో వందల్లో 2, ఇరవైల్లో ఏమీ లేదు, పౌండ్లలో 2, షిల్లింగుల్లో 7, పెన్నీల్లో 2. ఇక పైదాంట్లో ఒకటి, కిందదాంట్లో ఒకటి చొప్పున తీసేస్తూ పోతారు. చివరికి పైన ఇరవైల్లో 2, పౌండ్లలో 1, పెన్నీల్లో 3 మిగులుతాయి. బాకీ 41 పౌండ్ల 3 పెన్నీలు. షెరిఫ్ వాదించడానికేమీ ఉండదు, బిళ్లలు కళ్లముందే ఉన్నాయి.

బ్రిటన్ ఆర్థికమంత్రిని ఇప్పటికీ ఛాన్సలర్ ఆఫ్ ద ఎక్స్‌చెకర్ అనే అంటారు. గుడ్డ పోయింది, పేరు నిలిచింది. 1921 నుంచి ఆ దేశ ప్రధానుల విడిదిగా ఉన్న చెకర్స్ భవనం పేరు మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. 12వ శతాబ్దంలో ఆ భూమి యజమాని ఎక్స్‌చెకర్‌లో ఉద్యోగి కాబట్టి ఆ పేరని ఒక కథనం, చెకర్ అనే పేరున్న చెట్ల వల్ల అని మరొకటి.

బ్యాంకు చెక్కులో కలిసిన రెండు దారులు

ఖజానాలో డబ్బు కట్టినవాడికి రసీదుగా కర్రముక్క ఇచ్చేవారు. మొత్తాన్ని బట్టి దాని మీద గాట్లు పెట్టేవారు. వెయ్యి పౌండ్లకు అరచేయి మందం గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెన వేలంత, ఒక పౌండుకు యవగింజంత. తర్వాత గాట్ల మీదుగా కర్రను నిలువునా చీల్చి ఒక ముక్క కట్టినవాడికి, రెండోది ఖజానాకు. మళ్లీ జత చేసినప్పుడు గాట్లు కలవాలి. ఎవరైనా ఒక గాటు అదనంగా పెడితే రెండో ముక్క పట్టిచ్చేస్తుంది. 1826 దాకా ఈ పద్ధతి సాగింది. పనికిరాని ఆ కర్రల గుట్టను 1834 అక్టోబరు 16న పార్లమెంటు భవనం కొలుముల్లో తగలబెట్టబోయి పార్లమెంటునే తగలబెట్టుకున్నారు. ప్రభుత్వ రికార్డుల నిర్వహణ చరిత్రలో ఇంతకు మించిన ఘనకార్యం ఇంకోటి ఉంటుందనుకోను.

కాగితం వచ్చాక కర్రముక్క స్థానంలో కౌంటర్‌ఫాయిల్, అంటే అసలు కాగితం చించి ఇచ్చాక మన దగ్గర మిగిలే ముక్క, వచ్చింది. 18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిష్‌లో చెక్ అంటే ఆ కౌంటర్‌ఫాయిలే. ఫోర్జరీని అదుపు చేసేది, సరిపోల్చి చూసేది కాబట్టి ఆ పేరు. మెల్లగా పేరు ఆ పక్కముక్క నుంచి అసలు కాగితానికి పాకింది. ఆ శతాబ్దం చివరికి, బ్యాంకుకు రాసిచ్చే చెల్లింపు ఆదేశమే చెక్ అయింది. అంటే మనం చించి ఇచ్చేదాని పేరు నిజానికి మన దగ్గర మిగిలే ముక్కది.

మరి బ్రిటిష్ స్పెల్లింగులో చివర ఆ ‘క్యూ’ ఎందుకు? అది ఎక్స్‌చెకర్ ప్రభావం. ఖజానాకూ డబ్బు కాగితానికీ చుట్టరికం కనబడేలా అలా రాయడం మొదలై, 19వ శతాబ్దంలో స్థిరపడింది. తనిఖీ చెక్ వేరు, బ్యాంకు చెక్కు వేరు అని రాతలోనే తెలియడం దాని లాభం. అమెరికా ఆ తేడా పెట్టుకోలేదు, రెంటినీ ఒకేలా రాస్తుంది. అలా కేక దారిలో వచ్చిన అర్థం, పలక దారిలో వచ్చిన స్పెల్లింగు ఒక్క కాగితం మీద కలుసుకున్నాయి.

దీనికి పోటీగా ఒక వాదం బాగా ప్రచారంలో ఉంది. పర్షియన్‌లో ‘చక్’, అరబీలో ‘సక్’ అంటే రాతపత్రం, చెల్లింపు పత్రం. మధ్యయుగపు వర్తకులు వాటితోనే దూరదేశాల వ్యాపారం చేశారు. 10వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ హౌకల్, సహారా ఎడారి అంచున అవ్‌దగుస్త్ పట్టణంలో 42,000 దీనార్ల సక్ ఒకటి చూశానని రాశాడు. చెక్కు లాంటి సాధనం యూరప్ కన్నా ముందే అక్కడ ఉందన్నదాంట్లో సందేహం లేదు. కాబట్టి మాట కూడా అక్కడిదే అంటారు ఈ వాదులు.

సాధనం పాతదన్నంత మాత్రాన మాట దాని వెంటే వచ్చిందని కాదు. సక్ నుంచి వచ్చి ఉంటే ఇంగ్లిష్‌లో మొదటి వాడుకలు చెల్లింపు పత్రం అనే అర్థంలో కనబడాలి. కనబడుతున్నది కౌంటర్‌ఫాయిల్ అర్థంలో. అందుకే ప్రధాన ఇంగ్లిష్ నిఘంటువులు షా దారినే చూపుతాయి. సక్ వాదం వినసొంపుగా ఉంది, అడుగుల జాడే దొరకడం లేదు. తమాషా ఏమిటంటే, ఏ వాదం గెలిచినా మాట పర్షియాలోనే తేలుతుంది.

బిల్లూ చెక్కే, టోకెనూ చెక్కే

కౌంటర్‌ఫాయిల్ అర్థం అమెరికాలో ఇంకా విస్తరించింది. కోటు అప్పగించి తీసుకునే టోకెన్ చెక్. భోజనం బిల్లు చెక్. బేస్‌బాల్ ఆట వాన వల్ల ఆగిపోతే మరో రోజు రావడానికి పనికొచ్చే టికెట్ ముక్క రెయిన్ చెక్. 1880లలో పుట్టిన ఈ మాటను ఇప్పుడు పిలుపును మర్యాదగా వాయిదా వేయడానికి వాడతారు. పోకర్ పేకాటలో పందెం కాయకుండా తన వంతు దాటేసినా చెక్ అనే అంటారు. ఐస్ హాకీలో ప్రత్యర్థిని ఒంటితో గుద్ది ఆపడం కూడా చెక్కే. అది మళ్లీ మొదటి అర్థం.

‘చెక్డ్ బ్యాగ్’ అంటే ఏది?

ఇన్ని అర్థాలు ఒకే రూపంలో ఉంటే ఇంగ్లిష్ వాళ్లకే తడబాటు తప్పదు. విమానాశ్రయంలో ‘చెక్డ్ బ్యాగ్’ అంటే కౌంటర్లో అప్పగించి ట్యాగు తీసుకున్న సంచి. అది టోకెన్ అర్థం. భద్రతా సిబ్బంది నోట అదే మాట వస్తే తెరిచి చూసిన సంచి కావచ్చు. దుకాణంలో అయితే గళ్ల సంచి. ‘అన్‌చెక్డ్’ ఇంకా గమ్మత్తు. అన్‌చెక్డ్ అధికారం అంటే అడ్డూ అదుపూ లేని అధికారం. అన్‌చెక్డ్ లెక్క అంటే ఎవరూ సరిచూడని లెక్క. ఫారంలో అన్‌చెక్డ్ బాక్స్ అంటే టిక్కు పెట్టని గడి. చాలాసార్లు పక్కనున్న నామవాచకమే దారి చూపుతుంది. అధికారం, కోపం, ధరలు లాంటి పెరిగేవీ పారేవీ ఉంటే ఆపడం. లెక్క, తేదీ, వార్త లాంటి తప్పొప్పులున్నవైతే సరిచూడటం. రోగం మాత్రం రెండు వైపులా పడుతుంది, అందుకే షుగర్ దగ్గర ఆ ‘కు’ మీద అంత భారం.

పోలికే తప్ప చుట్టరికం లేనివి

చెక్ రిపబ్లిక్ ఈ ఇంటిది కాదు. అది చెక్ జాతి తనకు తాను పెట్టుకున్న పేరు, ఇంగ్లిష్‌లో పలకడానికి ఒకేలా ఉందంతే. తెలుగులో బొమ్మ చెక్కడం, చెక్క బల్ల అచ్చంగా మన మాటలు, వాటికి షాతో సంబంధం లేదు. డేరియస్ శాసనాన్ని కొండ మీద చెక్కించాడని పైన రాసినప్పుడు కూడా ఆ చెక్కు మనదే.